గుంటూరు కంపెనీ, నాలుగు దేశాల పన్ను: 19.25 శాతం 26.58 ఎలా అయింది

2024 మే నెల. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులు కావడంతో మిర్చి ఎగుమతి చేసే మా క్లయింట్ ఆఫీసులో కాస్త తీరిక దొరికింది. వాళ్ల అకౌంట్స్ మేనేజర్ ల్యాప్‌టాప్ పట్టుకుని బ్రాడీపేటలో ఉన్న మా ఆఫీసుకు వచ్చింది. ఆ అమ్మాయి చేరాక గ్రూపు మొత్తానికి, అంటే గుంటూరు కంపెనీకీ దాని మూడు విదేశీ కంపెనీలకూ, కలిపి చేసిన మొదటి అకౌంట్లు అవి. పన్నుకు ముందు లాభం 76 కోట్లు, పన్ను ఖర్చు 14.63 కోట్లు. అంటే 19.25 శాతం.

"ఎక్కడో తప్పుంది మేడం. గుంటూరులోనే పాతిక శాతం పైన కడుతున్నాం. అన్నీ కలిపితే పంతొమ్మిది ఎలా వస్తుంది?" అని అడిగింది.

ఈ కేసు ఆ ప్రశ్నతోనే మొదలైంది. మూడు వారాల తర్వాత అదే లాభం మీద పన్ను ఖర్చు 20.20 కోట్లకు, 26.58 శాతానికి చేరింది. తేడా 5.57 కోట్లు. గ్రూపు నికర లాభం అంత మేరకు తగ్గింది. విదేశాల్లో సబ్సిడరీలు (తమ అదుపులో ఉండే అనుబంధ కంపెనీలు) పెట్టుకున్న కంపెనీలు మన జిల్లాల్లో పెరుగుతున్నాయి, వాటి అకౌంట్లు చూసే పిల్లలకు ఈ పని నేర్పేవాళ్లు మాత్రం దగ్గరలో దొరకడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. క్లయింటు అనుమతి తీసుకున్నాను, అంకెలు మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది. సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడు నంబర్లు వేరు. మా కేసు 2023-24 సంవత్సరానిది.

ఇంకో మాట. వాళ్ల స్టాట్యుటరీ ఆడిట్, అంటే చట్టం తప్పనిసరి చేసిన ఆడిట్, మేం చేయం, వేరే ఫర్మ్ చేస్తుంది. చట్టప్రకారం ఆడిటర్ తాను ఆడిట్ చేసే కంపెనీకి అకౌంట్లు రాసిపెట్టకూడదు. మా పని సలహా వరకే.

గ్రూపు ఎలా ఉంటుంది

మాతృ సంస్థ గుంటూరులో ఉంది. కారం పొడి, ఎండుమిర్చి ఎగుమతి, ఓలియోరెజిన్ దీని వ్యాపారం. ఓలియోరెజిన్ అంటే మిరపకాయలోంచి తీసే ఘాటైన, రంగున్న చిక్కటి సారం. నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే సొంత విలువ) 250 కోట్లు దాటడంతో షేర్ మార్కెట్లో లిస్టింగ్ లేకపోయినా ఇండ్ ఏఎస్ (భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) వర్తిస్తుంది. బ్రిటన్, దుబాయ్, అమెరికాలోని డాలస్‌లో ఒక్కో సబ్సిడరీ ఉంది. మూడింటిలోనూ వంద శాతం వాటా వీళ్లదే. అన్నిటికీ ఏప్రిల్-మార్చి సంవత్సరమే.

ఆ ఏడాది పన్నుకు ముందు లాభాలు ఇలా ఉన్నాయి. గుంటూరు 60 కోట్లు, బ్రిటన్ 10 కోట్లు, దుబాయ్ 20 కోట్లు, డాలస్ 6 కోట్ల నష్టం. కలిపితే 84. అందులోంచి దుబాయ్ గోడౌన్‌లో అమ్ముడుపోకుండా ఉన్న సరుకు మీద గుంటూరు వేసుకున్న లాభం 8 కోట్లు తీసేస్తే 76.

ఆ అమ్మాయికి నేను మొదట చెప్పింది ఒక్కటే. గ్రూపు అన్నది అకౌంట్లలోనే ఉంది. మన గ్రూపుకు ఏ దేశంలోనూ పాన్ నంబరు లేదు. 76 కోట్ల మీద పన్ను వేసే అధికారి ప్రపంచంలో ఎవరూ లేరు. కాబట్టి 76 దగ్గర మొదలుపెట్టి లెక్క వేయకూడదు. ఒక్కో కంపెనీ దగ్గర, ఆ దేశపు చట్టం, ఆ దేశపు రేటుతో మొదలుపెట్టాలి. కలిపాక పుట్టే తేడాలకు వాటి లెక్క వాటికి వేయాలి. చివర్లో, వచ్చిన శాతం ఎందుకు వచ్చిందో మాటల్లో చెప్పగలగాలి. ఆమె దగ్గర మొదటి రెండూ కలగలిసిపోయాయి, మూడోది అసలు చేయలేదు.

గుంటూరు లెక్క

ఇక్కడ ఆమె పని బాగానే ఉంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కంపెనీ తక్కువ రేటు ఇచ్చే 115బిఏఏ సెక్షన్ ఎంచుకుంది. 22 శాతం పన్ను, దాని మీద 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు, మొత్తం 25.168 శాతం. మ్యాట్ (పుస్తక లాభం మీద వేసే కనీస పన్ను) లేదు.

పుస్తకంలో లాభం 60 కోట్లు. సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) ఖర్చు 1.20 కోట్లు పన్ను చట్టం ఒప్పుకోదు, ఎప్పటికీ ఒప్పుకోదు. అది శాశ్వత తేడా. మిగతావి కాలంలో వచ్చే తేడాలు, అంటే ఈ ఏడాది వచ్చినా తర్వాతి ఏళ్లలో సర్దుకుపోయేవి. తరుగుదల పుస్తకంలో 9 కోట్లు, పన్ను లెక్కలో 13 కోట్లు. గ్రాట్యుటీకి చేసిన ప్రొవిజన్ (ముందుగా ఖర్చు రాసి పక్కన పెట్టింది) 1 కోటి, అది చెల్లించినప్పుడే మినహాయింపు. చిన్న యూనిట్లకు గడువు దాటి బాకీ ఉన్న 2 కోట్లు, అది కూడా చెల్లించాకే. ఈ చివరిది 43బి సెక్షన్‌లో హెచ్ క్లాజు. సరిగ్గా ఆ ఏడాది నుంచే అమల్లోకి వచ్చింది. యార్డులో కమీషన్ కొట్ల బాకీలు కూడా ఇందులోకి వస్తాయేమోనని ఆఫీసులో చాలా టెన్షన్ పడ్డారు. వాళ్లు వ్యాపారులు కాబట్టి రావు. కవర్లు ప్రింట్ చేసే యూనిట్లు, కారం ఆడించే జాబ్‌వర్క్ మిల్లులు వస్తాయి.

పన్ను వేయాల్సిన ఆదాయం 60.20 కోట్లు, ఆ ఏడాది కట్టాల్సిన పన్ను 15.15 కోట్లు. కాలపు తేడాలు నికరంగా కోటి, దాని మీద డిఫర్డ్ ట్యాక్స్ 25 లక్షలు. డిఫర్డ్ ట్యాక్స్ అంటే ఈ ఏడాది లాభానికి చెందినదే అయినా తర్వాతి ఏళ్లలో కట్టాల్సి వచ్చే పన్ను, లేదా తర్వాత కలిసొచ్చే పన్ను. రెండూ కలిపి 15.40. బ్రిటన్‌ది ఇంకా సులువు. 10 కోట్ల మీద 25 శాతం, 2.50 కోట్లు.

ఏ తేదీ రేటు

దుబాయ్ దగ్గర ఆగాం. యూఏఈ కార్పొరేట్ పన్ను 9 శాతం. ఆ చట్టం 2022 డిసెంబరులోనే వచ్చింది. కానీ 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకే వర్తిస్తుంది. మన దుబాయ్ కంపెనీ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. కాబట్టి దానికి పన్ను మొదలయ్యేది 2024 ఏప్రిల్ 1 నుంచి. 2023-24లో వచ్చిన 20 కోట్ల మీద కట్టాల్సింది సున్నా.

ఇక్కడివరకు ఆమెకూ తెలుసు. తెలియనిది దీని రెండో సగం. కట్టే పన్నుకు ఆ ఏడాది అమల్లో ఉన్న రేటు వాడతాం. డిఫర్డ్ ట్యాక్స్‌కు వాడేది ఆ తేడా తిరిగి కలిసే ఏడాదికి ఉండబోయే రేటు. అయితే బ్యాలెన్స్ షీటు తేదీకి ఆ రేటు చట్టమై ఉండాలి, లేదా చట్టమైనట్టే లెక్క అయి ఉండాలి. 2024 మార్చి 31 నాటికి యూఏఈ చట్టం ఎప్పుడో వచ్చేసింది. కాబట్టి ఆ రోజు దుబాయ్‌లో ఉన్న సరుకు మీద డిఫర్డ్ ట్యాక్స్ లెక్కకు రేటు సున్నా కాదు, 9 శాతం. మొదటి 3,75,000 దిర్హాముల మీద పన్ను లేకపోయినా ఈ స్థాయి లాభానికి దాని ప్రభావం తక్కువే.

ఇదే సూత్రం బ్రిటన్‌లో ముందే చూశాం. అక్కడ 19 నుంచి 25 శాతానికి పెరిగింది 2023 ఏప్రిల్ 1న. కానీ ఆ చట్టం 2021 జూన్‌లోనే అయిపోయింది. అందుకని 2022 మార్చి అకౌంట్లలో కట్టే పన్ను 19 శాతంతో, 2023 ఏప్రిల్ తర్వాత తిరిగొచ్చే తేడాల మీద డిఫర్డ్ 25 శాతంతో లెక్కవేశాం. మన దేశంలో 2019 సెప్టెంబరు 20న ఆర్డినెన్సు వచ్చినప్పుడు 34.944 నుంచి 25.168కి మారిన కంపెనీలన్నీ పాత డిఫర్డ్ నిల్వలను తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఆ పని చేసినవాళ్లెవరూ ఈ సూత్రాన్ని మర్చిపోలేరు.

దుబాయ్ గోడౌన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు)

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నేర్చుకోవడానికి ఎక్కువ ఉన్నది కూడా ఇక్కడే.

అంతకుముందు ఏడాది వరకు దుబాయ్ కంపెనీ ఆర్డరు వచ్చాకే గుంటూరు నుంచి సరుకు తెప్పించుకునేది. కంటైనర్ అటునుంచి అటే కొనేవాళ్లకు వెళ్లిపోయేది. 2023-24లో అక్కడ కోల్డ్ స్టోరేజీ అద్దెకు తీసుకుని తేజ, 334 మిర్చి రకాలు నిల్వ పెట్టడం మొదలుపెట్టారు. మార్చి 31న ఆ నిల్వలో గుంటూరు కంపెనీ వేసుకున్న లాభం 8 కోట్లు ఉంది.

గుంటూరు దృష్టిలో అది అమ్మకమే. ఇన్‌వాయిస్ ఇచ్చింది, లాభం చూపింది, 25.168 శాతం పన్ను కట్టింది. గ్రూపు దృష్టిలో మాత్రం ఇంట్లో ఈ గదిలో టిక్కీ ఆ గదిలోకి మారింది, అంతే. బయటివాళ్లు కొనేదాకా లాభం లేదు. అందుకే కలిపేటప్పుడు 8 కోట్లు తీసేశాం. లాభం పోయింది కానీ దాని మీద పన్ను అలాగే మిగిలింది. ఆ పన్నును ఏం చేయాలి?

ఆమె 8 కోట్ల మీద 25.168 శాతం వేసి 2.01 కోట్లు డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తిగా చూపింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గుంటూరు కట్టిన పన్ను అదే కదా.

కానీ ఆదాయపు పన్ను లెక్కలకు ఉన్న ప్రమాణం ఇండ్ ఏఎస్ 12 అడిగే ప్రశ్న అది కాదు. ఎంత పన్ను కట్టాం అని అడగదు. ఈ ఆస్తి పుస్తక విలువకూ, పన్ను చట్టం ఒప్పుకునే విలువకూ తేడా ఎంత, ఆ తేడా ఏ దేశంలో తిరిగి కలుస్తుంది అని అడుగుతుంది. సరుకు ఇప్పుడు దుబాయ్ కంపెనీది. గుంటూరు దాన్ని 32 కోట్లకు కొని దుబాయ్‌కి 40 కోట్లకు వేసిందనుకోండి. గ్రూపు పుస్తకంలో సరుకు విలువ 32. దుబాయ్ పన్ను లెక్కలో ఆ సరుకు ఖరీదు 40. అమ్మిన రోజు దుబాయ్ కంపెనీ 40 ఖర్చుగా తీసుకుంటుంది. గ్రూపు పుస్తకం కంటే 8 కోట్లు ఎక్కువ మినహాయింపు దొరికేది దుబాయ్‌లో, 9 శాతం రేటుతో. కలిసొచ్చే పన్ను 72 లక్షలు. అదే ఆస్తి. గుంటూరు కట్టిన 2.01 కోట్లలో మిగిలిన 1.29 కోట్లు ఆ ఏడాది ఖర్చుగా మిగిలిపోతాయి.

"నేను పాత కంపెనీలో అమ్మిన కంపెనీ రేటే వాడేదాన్ని మేడం. అక్కడ ఎవరూ తప్పు అనలేదు" అంది.

ఆమె చెప్పింది నిజమే. హైదరాబాద్‌లో ఆమె పనిచేసింది ఒక అమెరికన్ గ్రూపు అకౌంట్ల విభాగంలో. అమెరికా పద్ధతి సరుకు విషయంలో వేరు. అక్కడ అమ్మిన కంపెనీ పన్నునే సరుకు బయటికి అమ్ముడుపోయేదాకా పక్కన పెడతారు, కొన్న కంపెనీ వైపు డిఫర్డ్ ఆస్తి చూపరు. మన ఇండ్ ఏఎస్, దానికి మూలమైన అంతర్జాతీయ ప్రమాణం, కొన్న కంపెనీ రేటు వాడతాయి. మన దగ్గర కూర్చుని విదేశీ గ్రూపుల అకౌంట్లు చేసి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. పని బాగా వచ్చినవాళ్లే. ఏ పద్ధతిలో నేర్చుకున్నారో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇదే చోట ఇంకో చిన్న సవరణ. ఆమె ఈ ఆస్తిని గుంటూరు డిఫర్డ్ బాకీలో తీసేసి నికరంగా చూపింది. ఒకే పన్ను అధికారికి చెందినవైతేనే, చట్టపరంగా సర్దుకునే హక్కు ఉంటేనే అలా కలపాలి. దుబాయ్‌లో కలిసొచ్చే పన్నుతో ఇక్కడి బాకీ తీరదు. రెండూ బ్యాలెన్స్ షీటులో విడివిడిగా ఉండాలి.

డాలస్ నష్టం

ఆరు కోట్ల నష్టం మీద 21 శాతం ఫెడరల్ రేటుతో 1.26 కోట్లు డిఫర్డ్ ఆస్తి చూపించారు. టెక్సాస్‌లో రాష్ట్రం వేసే కార్పొరేట్ ఆదాయపు పన్ను లేదు. ఫ్రాంచైజ్ ట్యాక్స్ అని వేరేది ఉంది కానీ ఈ స్థాయి అమ్మకాలకు అది పడలేదు.

అమెరికా చట్టం ఈ నష్టాన్ని ఎన్నేళ్లయినా ముందుకు తీసుకుపోనిస్తుంది. ఏ ఏడాదిలోనైనా ఆదాయంలో 80 శాతం వరకే సర్దుకోవచ్చు, అంతే. మన వ్యాపార నష్టానికి ఉన్న 8 ఏళ్ల గడువు అక్కడ లేదు. గడువు లేదు కాబట్టి ఎప్పటికైనా వాడుకుంటాం అన్నది ఆఫీసు వాదన.

నేను ఒప్పుకోలేదు. కంపెనీ వరుసగా రెండో ఏడాది నష్టంలో ఉంది. ఇటీవలి నష్టాల చరిత్ర ఉన్నప్పుడు, లాభాలు వస్తాయని నమ్మించే గట్టి ఆధారం వేరే ఏదైనా ఉంటేనే ఆస్తి చూపాలని ప్రమాణం చెబుతుంది. వాళ్ల దగ్గర ఉన్నది మూడో ఏడాది నుంచి లాభం చూపించే ఎక్సెల్ షీటు, ఒక కిరాణా స్టోర్ల చైన్ నుంచి వచ్చిన ఎంక్వైరీ మెయిల్. ఆర్డరు లేదు, ఒప్పందం లేదు. మెయిల్ చూసి ఆస్తి రాయలేం. 1.26 కోట్లు తీసేశాం. నష్టం ఉన్న సంగతి నోట్సులో రాశాం. రేపు లాభాలు మొదలైతే ఆ రోజే చూపించుకోవచ్చు. ఆ హక్కు ఎక్కడికీ పోదు.

దుబాయ్ లాభం ఇంటికొస్తుందా

అన్నిటికంటే పెద్ద అంకె ఇది. డ్రాఫ్టులో దీని ఊసే లేదు.

దుబాయ్ కంపెనీ సంపాదించిన 20 కోట్లు కన్సాలిడేషన్‌లో (గ్రూపు అకౌంట్లన్నీ కలిపినప్పుడు) మన లాభంగా వచ్చేశాయి. అక్కడ పన్ను సున్నా. కానీ ఆ డబ్బు డివిడెండ్‌గా గుంటూరు వస్తే ఇక్కడ పన్ను పడుతుంది. ఒకప్పుడు విదేశీ సబ్సిడరీ డివిడెండ్ మీద 115బిబిడి కింద 15 శాతం రాయితీ రేటు ఉండేది. 2022 ఫైనాన్స్ చట్టంతో అది పోయింది. ఇప్పుడు మామూలు రేటే, అంటే 25.168.

ప్రమాణం ఒక వెసులుబాటు ఇస్తుంది. డివిడెండ్ ఎప్పుడు ఇవ్వాలో మాతృ సంస్థ చేతిలో ఉండి, దగ్గరి భవిష్యత్తులో ఇచ్చే అవకాశం లేకపోతే ఆ భావి పన్నును చూపించక్కర్లేదు. రెండు షరతులూ కలిసి ఉండాలి. మొదటిది మనకు ఎప్పుడూ ఉంటుంది. రెండోదే మనసులో మాట తెలిస్తే గానీ తేలదు. అందుకని బోర్డు మినిట్స్ అడిగాను.

ఫిబ్రవరి మీటింగ్ మినిట్స్‌లో ఒక పేరా ఉంది. కొత్త ఓలియోరెజిన్ లైనుకు కావలసిన డబ్బులో 12 కోట్లు వచ్చే ఆర్థిక సంవత్సరం దుబాయ్ నుంచి డివిడెండ్‌గా తెచ్చుకోవాలని తీర్మానం. అకౌంట్స్ మేనేజర్ ఆ పేరా చూడలేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. బ్యాంకుకు ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో కూడా అదే 12 కోట్లు ఉంది. మార్చి 31 నాటికే నిర్ణయం అయిపోయింది కాబట్టి 3.02 కోట్లు డిఫర్డ్ బాకీగా పెట్టాలి. మిగిలిన 8 కోట్లు అక్కడే కోల్డ్ స్టోరేజీ కొనడానికి వాడతామని అదే మినిట్స్‌లో ఉంది. కాబట్టి దాని మీద ఏమీ పెట్టలేదు. పెట్టని సంగతి, ఆ మొత్తంతో సహా, నోట్సులో రాయాలి. రాశాం.

80ఎం సెక్షన్ సంగతి అకౌంట్స్ మేనేజరే గుర్తు చేసింది. వచ్చిన డివిడెండ్‌ను గుంటూరు కంపెనీ తన వాటాదారులకు పంచేస్తే అంత మేరకు మినహాయింపు వస్తుంది, 115బిఏఏలో ఉన్నా వస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఈ డబ్బు మెషినరీకి కావాలి. పైగా వాటాదారులంతా ఒకే కుటుంబం, అందరూ పై స్లాబులో ఉన్నవాళ్లు. పంచితే వాళ్ల చేతిలో ఇంకా ఎక్కువ పన్ను పడుతుంది. వదిలేశాం.

తేలిగ్గా తేలినవి, తేలిగ్గా తీసుకోకూడనివి

ప్రపంచమంతా 15 శాతం కనీస పన్ను అని అప్పట్లో బాగా ఫార్వర్డులు తిరిగాయి. అది 75 కోట్ల యూరోల వార్షిక టర్నోవరు ఉన్న గ్రూపులకు. మనం దాని దరిదాపుల్లో లేం. అక్కడితో ఆ ఫైలు మూసేశాను.

ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌లో (గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీల ధరల విషయంలో) ఒక పాత అసెస్‌మెంట్ వివాదం ఉంది. దుబాయ్ కంపెనీ గడువు దాటి బాకీ ఉంచినందుకు గుంటూరు వడ్డీ వేసుకోవాలని పన్ను అధికారి వాదన. ఇలాంటి వాటికి ఇండ్ ఏఎస్ 12లో సి అనుబంధం ఉంది. అధికారి అన్ని కాగితాలూ చూస్తాడని అనుకుని, మన వాదన ఒప్పుకునే అవకాశం ఎక్కువో కాదో తేల్చుకోవాలి. పట్టుబడమేమో అన్న ఆశ లెక్కలోకి రాదు. దీనికి గత ఏడాదే ప్రొవిజన్ పెట్టాం, ఈ ఏడాది మార్పు లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఇంకోటి. దుబాయ్ కంపెనీని పెద్దాయన, అంటే గ్రూపు యజమాని, అల్లుడు చూసుకుంటాడు. ధర ఖరారు చేసే ముందు "మామయ్య గారితో ఒక మాట అని చెప్తాను" అనడం అతని అలవాటు. మర్యాద కోసం అనే మాటే. కానీ ఆ కంపెనీ అసలు నిర్ణయాలు ఇండియాలో జరుగుతున్నాయని తేలితే 6(3) సెక్షన్ కింద దాన్ని ఇక్కడి నివాసిగా లెక్కగట్టి మొత్తం ఆదాయం మీద ఇక్కడే పన్ను వేయవచ్చు. విదేశీ కంపెనీకి ఆ ఏడాది మూల రేటు 40 శాతం. దుబాయ్‌లో ఉద్యోగులున్నారు, గోడౌన్ ఉంది, బయటివాళ్లకే అమ్ముతున్నారు, బోర్డు మీటింగులు అక్కడే జరుగుతున్నాయి. అందుకని ప్రొవిజన్ అక్కర్లేదని తేల్చాం. అయినా అల్లుడు గారితో గంటసేపు మాట్లాడాను. రోజువారీ ధరల నిర్ణయాధికారం అక్కడి డైరెక్టర్లదేనని తీర్మానం రాయించాను. తీర్మానం రాస్తే చాలదు, అలాగే నడవాలని కూడా చెప్పాను.

మొత్తం ఒకచోట

చివరి పన్ను ఖర్చు: గుంటూరు 15.40, బ్రిటన్ 2.50, సరుకులో లాభం మీద తగ్గేది 0.72, డివిడెండ్ మీద 3.02. మొత్తం 20.20 కోట్లు. అందులో ఆ ఏడాది కట్టేది 17.65, డిఫర్డ్ 2.55.

ఇది సరైనదని నమ్మకం కలిగేది ఈ కింది పట్టికతోనే. గ్రూపు లాభం మొత్తానికి గుంటూరు రేటు వేస్తే ఎంత రావాలి, అక్కడి నుంచి అసలు అంకెకు ఎలా చేరాం:

76 కోట్ల మీద 25.168 శాతం: 19.13
సీఎస్ఆర్ ఖర్చు: + 0.30
బ్రిటన్ రేటు తేడా: – 0.02
దుబాయ్‌లో ఆ ఏడాది పన్ను లేకపోవడం: – 5.03
డాలస్ నష్టం, ఆస్తిగా చూపనిది, రేటు తేడాతో కలిపి: + 1.51
దుబాయ్ సరుకు, రెండు దేశాల రేట్ల తేడా: + 1.29
దుబాయ్ నుంచి తెచ్చుకోబోయే డివిడెండ్: + 3.02
పన్ను ఖర్చు: 20.20

నేను ఏ గ్రూపు అకౌంట్లయినా మొదట తెరిచేది ఈ పట్టికే. ఇందులో "ఇతరాలు" అనే వరుస పెద్దదిగా ఉంటే లోపల ఎవరికీ తెలియనిది ఏదో ఉందని అర్థం. ఆ అమ్మాయి డ్రాఫ్టుకు ఈ పట్టిక వేయబోతే దుబాయ్ 5.03 తగ్గింపుకు ఎదురుగా పెంచే వరుసలు సీఎస్ఆర్ 0.30, డాలస్ రేటు తేడా 0.25 తప్ప ఒక్కటీ లేదు. డబ్బు తెచ్చుకుంటామని తీర్మానం రాసుకున్న దేశం నుంచి పన్ను లేకుండా లాభం వచ్చినట్టు కనబడింది. ఆమెకు మొదట కలిగిన అనుమానం అక్కడిదే.

పెద్దాయనతో

జూన్ మొదటి వారంలో ఆయన దగ్గర కూర్చున్నాం. పట్టిక చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఏందమ్మా ఇది? చలానాలన్నీ కలిపితే పదిహేడున్నర. ఇరవై అని రాశారు. కట్టని పన్ను ఖర్చెట్లా అవుద్ది?"

"బాబాయి గారూ, కోల్డ్ స్టోరేజీలో మనం పెట్టిన సరుకుకు అద్దె ఎప్పుడు కడతాం?"

"సరుకు తీసేటప్పుడు."

"మార్చి 31కి సరుకు ఇంకా లోపలే ఉంటే అప్పటిదాకా అయిన అద్దె ఖర్చు రాసుకోమా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు బాధ చెప్పారు. లాభం 5.57 కోట్లు తగ్గితే బ్యాంకు ఏమంటుందోనని. సరైన ఆందోళనే. రుణ ఒప్పందంలోని నిష్పత్తులు ఆ సాయంత్రమే లెక్కవేశాం. వడ్డీకి సంబంధించినది పన్నుకు ముందు లాభం మీద ఉంది, మారలేదు. నెట్‌వర్త్‌కు సంబంధించినది కాస్త తగ్గినా పరిమితికి పైనే ఉంది. అది చూశాకే ఆయన ముఖం తేటపడింది. బ్యాంకు మేనేజరుకు ఆ పట్టికను మేమే ముందుగా తీసుకెళ్లి వివరించాం.

తర్వాతి ఏడాది

2024-25లో డివిడెండ్ 12 కోట్లు వచ్చింది. 3.02 కోట్ల పన్ను అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాల్లో కట్టారు. డిఫర్డ్ బాకీ తగ్గి, కట్టే పన్ను అంతే పెరిగింది. ఆ ఏడాది లాభం మీద పైసా తేడా రాలేదు. దుబాయ్‌లో నిల్వ ఉన్న పాత టిక్కీలన్నీ అమ్ముడుపోయాయి. 72 లక్షల ఆస్తి కరిగి, అంతే మేరకు అక్కడ కట్టాల్సిన పన్ను తగ్గింది. దుబాయ్ లాభం మీద 9 శాతం మొదలైంది. డాలస్ ఇంకా నష్టంలోనే ఉంది.

ఈ మధ్య అల్లుడు గారి నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ కోల్డ్ స్టోరేజీ కొనే ఆలోచన విరమించుకుని అద్దెదే కొనసాగిస్తారట. అంటే ఆ 8 కోట్లు అక్కడే ఉండిపోతాయని చెప్పిన కారణం ఇప్పుడు లేదు. ఆ డబ్బు ఏం చేయబోతున్నారో రాతపూర్వకంగా చెప్పమని పెద్దాయనను అడిగాను. మినిట్స్ ఈసారి అకౌంట్స్ మేనేజరుకు కూడా పంపమన్నాను.